ముసలి విండోస్‌కు ఇల్లు వెతికిన సారు

మా మెయింటెనెన్స్ సారు పోయారని సోమవారం పొద్దున షిఫ్టు బస్సులో తెలిసింది. అప్పుడే ముత్తంగి దాటుతున్నాం. ఫోన్ గ్రూపులో కబురు, దాని కింద వరసగా దండాల బొమ్మలు. నేను పెట్టలేదు. పెట్టి ఉంటే, ‘దినాం సతాయించినోడివి, ఇయ్యాల దండమేందిరా’ అని పైనుంచే తిట్టేవారు.

పటాన్‌చెరు పక్కన మా కంపెనీలో రబ్బరు షీట్లు కోసి, పైపుల మధ్య వేసే రింగులు చేస్తాం. కోసే మిషన్ పాతది. దాన్ని నడిపే ప్రోగ్రామ్ ఇంకా పాతది, పాత విండోస్ మీద తప్ప లేవదు. కొన్నేళ్ళ కిందట ఆ ప్రోగ్రామ్ ఉన్న కంప్యూటర్ చచ్చింది. మిషన్‌ని తుక్కుకు వేసి, కోత పని బయటివాళ్ళకు ఇచ్చేద్దామన్నాడు మేనేజరు. దాని మీద బతికేవాళ్ళం నలుగురం. లక్డారం నుంచి వచ్చే ఇద్దరికి భూమి ఎప్పుడో పోయింది. నేను పదో తరగతి తప్పినవాణ్ణి. ఇంకో చోట నన్ను గేటు దాటనిచ్చేవాడు లేడు.

‘ఎనిమిది దినాలియ్యుండ్రి’ అన్నారు సారు.

కొత్త కంప్యూటర్ లోపల పాత కంప్యూటర్ ఒకటి ఉన్నట్టు నడిపించే సాఫ్ట్‌వేర్లు ఉంటాయట, వర్చువల్ మెషీన్ అంటారు. నాకు అర్థం కాలేదని ఆయనకు నా మొహమే చెప్పింది.

‘ఇల్లు కొత్తది, కిరాయికొచ్చిన ముసలాయన పాతోడు. ఆయనకు పడే ఇల్లు దేవులాడాలె. గంతే.’

మొదటి సాఫ్ట్‌వేర్ చూడ్డానికి పెళ్ళికూతురిలా ఉంది. లోపల పాత విండోస్ లేచింది కూడా. కానీ మిషన్ నుంచి వచ్చే కేబులు దానికి కనిపించలేదు. ‘నీళ్ళియ్యని ఇంట్ల ఎవడుంటడు’ అని తీసేశారు. రెండోది చక్కగా నడిచింది. అది ఇంట్లో వాడుకుంటే ఉచితం, కంపెనీలో వాడితే డబ్బు కట్టాలి. మేనేజరు కట్టనన్నాడు, దొంగది దొరుకుతుందని కన్ను కొట్టాడు.

‘దొంగ తాళంచెవితోని నా పిల్లలను ఇంట్లకు తోలను’ అన్నారు సారు. ఆయన పిల్లలంటే మేమే, అందరికీ తల నెరిసింది.

మూడోది విండోస్ మీద కాకుండా లినక్స్ అనే ఉచిత సిస్టం మీద నడిచేది. ఉచితం, మొహం మాత్రం చూడలేం. అన్నీ టైపు చేసి చెప్పాలి. ‘ఇదేంది సార్, కరెంటు బిల్లు లెక్కుంది’ అన్నాను. ఆరో రోజు సాయంత్రం అదే మా కేబులును గుర్తుపట్టింది. మిషన్ కత్తి కదిలింది. ‘సోకు సూసి ఎంచుకోకురా. మన మిషన్‌ను గుర్తుపట్టిందే మనది’ అన్నారాయన, కళ్ళద్దాలు చొక్కాకు తుడుచుకుంటూ.

ఆ ఏడు ఆయుధపూజకు అందరూ మిషన్లకు బొట్లు పెడుతుంటే నాకు బుద్ధి పుట్టింది. తెరకు పెడితే బయటి కంప్యూటర్‌కే చెందుతుంది, లోపలి ముసలాయన అలగడా? లోపలికెళ్ళి, ప్రోగ్రామ్ ఫైళ్ళలో ఒక బొమ్మ తీసేసి కుంకుమబొట్టు బొమ్మ పెట్టాను. ప్రోగ్రామ్ మళ్ళీ తెరుచుకోలేదు. కొబ్బరికాయ పట్టుకుని నిలబడ్డ మేనేజరు నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తే.

సారు తిట్టలేదు. ముందురోజు స్థితిని ఫొటో తీసినట్టు దాచి ఉంచారు. దాన్ని నొక్కగానే అంతా ఎప్పటిలా వచ్చింది. ‘చెడగొట్టుడు తప్పు కాదురా. వాపసొచ్చే తొవ్వ పెట్టుకోకుంట చెడగొట్టుడు తప్పు’ అన్నారు. ఆ రోజు నుంచి టీ వేళలో నన్ను పక్కన కూర్చోబెట్టుకుని నేర్పారు. సగం టీ నాకు సాసర్‌లో పోసేవారు, తిట్లు మాత్రం పూర్తిగా పోసేవారు.

ఆయన్ని సాగనంపి వచ్చిన మర్నాడే హెడ్డాఫీసు నుంచి కంప్యూటర్ల అధికారి దిగాడు. ఒక రోజైనా ఆగలేదు.

‘ఆయన లేరు కదా, దీన్ని ఎవరు చూసుకుంటారు? తీసేద్దాం. పాత విండోస్ ప్రమాదం కూడా.’

‘దానికి నెట్టు లేదు సార్. మొదటి దినమే సారు తీసేసిండు’ అన్నాను.

‘రేపు పాడైతే?’

 పాత విండోస్ లోపలికెళ్ళి కోత ప్రోగ్రామ్ మొత్తాన్ని అధికారి కళ్ళముందే తుడిచేశాను. ఆయన కుర్చీ పట్టుకున్నాడు. వెనకనుంచి మా లక్డారం అన్న, ‘అరేయ్, నలుగురి కూడు రా’ అన్నాడు.

దాచిన ఫొటోల జాబితా తెరిచాను. వాటికి సారు ఏ పేర్లు పెట్టారో ఎప్పుడూ చదవలేదు. ‘కోతి ముట్టకముందు.’ ‘కోతి ముట్టినంక.’ ‘కోతి మళ్ళ ముట్టింది.’ కోతి ఎవరో అధికారికి చెప్పాల్సిన పని పడలేదు. అన్నిటికన్నా కింద, ఒంట్లో బాగాలేక సెలవు మీద పోయేముందు సారు దాచిన చివరిది ఉంది.

‘కోతికి అప్పజెప్పిన.’

దాన్నే నొక్కాను. ప్రోగ్రామ్ లేచింది.

‘ఎవరు సూసుకుంటరంటే నేను సూసుకుంట. రాసుకపోండ్రి’ అన్నాను.

కత్తి కిందికి దిగింది. రబ్బరు షీటులోంచి ఒక రింగు ఊడి కిందపడి, అధికారి బూట్ల మధ్య నుంచి దొర్లుకుంటూ తలుపు దాకా పోయింది.