వాల్టర్ పెనం మాడిన రోజు

పదకొండేళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. పెద్దదేం కాదు, ఒక్క మాట. "లేదు" అన్నాను, అంతే. బతుకులో ఎన్నిసార్లు ఎన్ని విషయాలకి లేదని ఉంటాను? అవన్నీ మర్చిపోయాను. ఇది మాత్రం పోదు. ఫిబ్రవరి చివర మంచు మెత్తబడి, నేను చెట్లకి కన్నాలు పెట్టే డ్రిల్ చేతిలోకి తీసుకున్నానంటే చాలు, వచ్చి పక్కన నిలబడుతుంది.

నా పేరు చెప్పను. చెబితే మా కౌంటీలో, అంటే మా జిల్లాలో, నన్ను ఎరగనివాళ్లు తక్కువ. అవును, గొప్పకే అంటున్నాను. విస్కాన్సిన్‌లో మాకు పద్నాలుగు ఎకరాల ఫార్మ్ ఉంది. సగం మేపుల్ చెట్లే. ఏటా రెండు వందల కన్నాలు పెడతాం. నేనూ, మా ఆయనా, కాలేజీకి సెలవిస్తే మా అమ్మాయీ. చెట్టు నుంచి కారే రసం చూడటానికి ఉత్త నీళ్లే. నలభై గ్యాలన్లు మరిగితే ఒక గ్యాలన్ సిరప్, అంటే తియ్యటి పాకం, మిగులుతుంది. కట్టెలు కొట్టేది మా ఆయన, రసం మోసేది ముగ్గురం. పాకం చూసి దించేది మాత్రం నేనే. ఇంకెవర్నీ గరిట ముట్టుకోనివ్వను. నురగ పొంగితే అణగడానికి ఇక్కడివాళ్లు వెన్న చుక్క వేస్తారు, నేను నెయ్యి వేస్తాను. కౌంటీ ఫెయిర్‌లో జరిగే సిరప్ పోటీలో మూడుసార్లు మొదటి బహుమతి వచ్చింది. మొదటిసారి జడ్జి మా సీసాని వెలుతురుకి ఎత్తి పట్టుకుని, దించబుద్ధి కానట్టు అలాగే నిలబడిపోయాడు. ఆ క్షణం తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

నా కష్టం అబద్ధం కాదు. నా సిరప్ అబద్ధం కాదు. కానీ అదంతా నా చేతికెలా వచ్చిందో ఇంతవరకు ఎవరికీ నిజం చెప్పలేదు.

అప్పట్లో మేము అరోరా అనే ఊళ్లో ఉండేవాళ్లం. మా ఆయనకి సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, నాకు వీసా వల్ల ఉద్యోగం లేదు. ఒక శనివారం ఊరికే డ్రైవ్ చేసుకుంటూ వెళ్లి, రోడ్డు పక్కన సిరప్ అమ్ముతారన్న బోర్డు చూసి ఆగాం. అది వాల్టర్ ఫార్మ్. డెబ్బై దాటిన మనిషి, భార్య పోయింది, ఒక్కరే ఉండేవారు. షెడ్డులో ఇటుకల పొయ్యి మీద మంచమంత వెడల్పు, ఎత్తు అంచుల స్టీలు పెనం, కప్పు దాకా తెల్లటి ఆవిరి. వాల్టర్ గరిట ముంచి ఎత్తి, అంచు నుంచి జారే చుక్కలు చూస్తున్నారు. నాకు నవ్వొచ్చింది. ఇది పాకం కదా! మా ఇంట్లో అరిసెలు వండితే పాకం చూడమని మా అత్తయ్య నన్నే పిలిచేది. థర్మామీటర్ పెట్టకముందే "ఇంకో రెండు నిమిషాలు" అన్నాను. వాల్టర్ పెట్టి చూశారు, నా లెక్కే సరిపోయింది. నా వైపు తిరిగి, ఈసారి వస్తే గట్టి బూట్లు వేసుకు రమ్మన్నారు.

అలా మూడు మార్చి నెలలు, ప్రతి వారాంతం వెళ్లాను. ఈ దేశంలో ఎవరైనా నా చేతిలో ఒక విద్య ఉందని గుర్తించడం అదే మొదటిసారి. చెట్టుకి కన్నం ఎటు పెట్టాలో, మొగ్గలు ఉబ్బాక రసం ఎందుకు పనికిరాదో, అన్నీ ఆయనే నేర్పారు. ఒక్క విషయంలో మాత్రం కఠినంగా ఉండేవారు. పైన ట్యాంకు నుంచి పెనంలోకి పచ్చి రసం సన్నటి ధారగా పడుతూ ఉండాలి. ఆ వాల్వ్ మూయకూడదు. పెనంలో మట్టం తగ్గితే నిమిషాల్లో మాడిపోతుంది.

మూడో ఏడు, మిట్టమధ్యాహ్నం. వాల్టర్ భోంచేసి మందులు వేసుకొస్తానని ఇంట్లోకి వెళ్లారు. మా ఆయన అమ్మాయితో చెట్ల దగ్గర ఉన్నారు. పెనం దగ్గర నేనొక్కదాన్నే. పాకం ఇంకాస్తలో వచ్చేలా ఉంది. పచ్చి రసం పడుతున్నంతసేపూ ఆలస్యమవుతోందనిపించింది. ఆయన తిరిగొచ్చేసరికి నేనొక్కదాన్నే దించి చూపించాలి. పది నిమిషాలు కదా అనుకున్నాను. వాల్వ్ మూశాను.

అప్పుడే ఫోన్ మోగింది. అరోరాలో ఉండే స్నేహితురాలు. షెడ్డులో సిగ్నల్ సరిగా రాదు, బయటికొచ్చాను. "ఏం చేస్తున్నావే?" అంది. చెప్పడం మొదలుపెట్టాను. ఎంత రసం, ఎంత మంట, ముసలాయన నా మీద వదిలేసి ఎలా వెళ్లారో. ఎంతసేపు చెప్పానో తెలియదు. నన్ను నేను పొగుడుకుంటున్నాను కదా, టైమ్ ఎక్కడ తెలుస్తుంది? వెనక్కి తిరిగేసరికి షెడ్డు కప్పులోంచి తెల్లగా రావాల్సిన ఆవిరి నల్లగా వస్తోంది.

లోపలికి పరిగెత్తాను. పెనం అడుగున నల్లటి పెచ్చు, బుడగలు, చేదు వాసన. కోటు కూడా లేకుండా వాల్టర్ పరిగెత్తుకొచ్చారు. బకెట్లతో రసం ఎత్తి పోశారు. పెనం ఠప్‌మని వంకర తిరిగి, అతుకు దగ్గర విచ్చుకుంది. ఆయనా, భార్యా కలిసి కొన్న పెనం. పొగ తగ్గాక ఆయన పైకి చూశారు.

"వాల్వ్ మూసి ఉంది," అన్నారు. కోపంగా కాదు. "నువ్వేమైనా ముట్టుకున్నావా?"

"లేదు."

ఆయన చాలాసేపు వాల్వ్ వైపే చూశారు. "అయితే నేనే. ఫిల్టర్ కడగడానికి మూసి, తెరవడం మర్చిపోయి ఉంటాను." తర్వాత మెల్లిగా అన్నారు. "గుర్తు రావట్లేదు. మా నాన్నకీ ఇలాగే మొదలైంది."

వాళ్ల నాన్న చివరి రోజుల్లో కన్నకొడుకు పేరు మర్చిపోయిన సంగతి నాకు తెలుసు. ఆయనే చెప్పారు. తెలిసి కూడా మాట్లాడలేదు.

ఎందుకు? ఇన్నేళ్లలో నాకు నేను చాలా జవాబులు చెప్పుకున్నాను. భయపడ్డానని, నోట మాట రాలేదని, మర్నాడు చెబుదామనుకున్నానని. ఒక్కటీ పూర్తిగా నిజం కాదు. నిజమేమిటంటే, పాకం తెలిసినదాన్ననే పేరు నాకు అక్కడ తప్ప ఇంకెక్కడా లేదు, ఆ పేరు ముందు ఆయన బాధ నాకు చిన్నదిగా కనిపించింది. ఆయన నన్ను ఇక పెనం దగ్గరికి రానివ్వరేమోనని భయపడ్డాను. రానిచ్చేవారే. ఇప్పుడు తెలుసు. ఒకసారి తిట్టి, కొత్త పెనం తెచ్చి, మళ్లీ వాల్వ్ పాఠం మొదటినుంచీ చెప్పేవారు.

తర్వాతి ఏడు కొత్త పెనం వచ్చింది గానీ, వాల్టర్ పొయ్యి వెలిగించలేదు. కుర్చీ వేసుకుని కూర్చుని, "నువ్వు చూడు, నన్ను నేను నమ్ముకోలేను" అన్నారు. ఆ పై ఏడు ఫార్మ్ మాకు అమ్మి, మినెసోటాలో కూతురు ఎలెన్ దగ్గరికి వెళ్లిపోయారు. చెట్లు పాకం తెలిసినవాళ్ల చేతిలో ఉండాలని మమ్మల్నే ఎంచుకున్నారు. ఆ మాట విని గర్వపడ్డాను. ఎంత విచిత్రమో చూడండి. ఆయన్ని ఆ ఇంట్లోంచి కదిలించింది నా అబద్ధమని తెలుసు, అయినా ఆ గర్వం నిజమే. రెండూ ఒకే గుండెలో ఎలా సర్దుకున్నాయో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఏటా మొదటి సీసా ఆయనకే పంపేదాన్ని. అందగానే ఫోన్ చేసి రంగు గురించి, రుచి గురించి అడిగేవారు. ఒకసారి చెప్పేద్దామని ఏడు గంటలు డ్రైవ్ చేసుకుని వెళ్లాను. దారంతా మాటలు కూర్చుకున్నాను. వెళ్లేసరికి ఆయన ఇరుగుపొరుగు ముసలివాళ్లని నలుగుర్ని పిలిచి కూర్చోబెట్టారు. "నా దగ్గర నేర్చుకుంది, నన్ను మించిపోయింది" అని నన్ను చూపించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నేను నవ్వుతూ నిలబడ్డాను. ఆ చప్పట్లు నాకు బాగున్నాయి. మనసులో ఉన్నది అలాగే పట్టుకుని ఏడు గంటలు వెనక్కి డ్రైవ్ చేశాను.

వాల్టర్ పోయి రెండేళ్లయింది. అంత్యక్రియల రోజు ఎలెన్ నా పక్కన కూర్చుని, ఏదో చెప్పాలి కాబట్టి చెప్పినట్టు, ఒక మాట చెప్పింది. ఆ పెనం మాడిన దగ్గర్నుంచి నాన్న స్టవ్ ముట్టుకోలేదట. కారు తాళాలు ఇచ్చేశారట. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని, తలుపు వేశానా, మందు వేసుకున్నానా అని రాసుకునేవారట. డాక్టర్లు ఎన్నిసార్లు పరీక్ష చేసినా జ్ఞాపకశక్తి బాగుందనే అన్నారట. ఆయన నమ్మలేదు. "చివరి రోజు వరకు అన్నీ గుర్తున్నాయి. కానీ తనని తాను అనుమానించుకుంటూనే పోయారు" అంది. నా చెయ్యి పట్టుకుంది. ఆ చెయ్యి నేను లాక్కోలేదు.

రెండేళ్లు పట్టింది నాకు. ఈ మార్చిలో పాకం దించి, వడకట్టి, చేతులు కడుక్కుని ఎలెన్‌కి ఫోన్ చేశాను. ఏడవకూడదనుకున్నాను, ఏడిస్తే ఆమే నన్ను ఓదారుస్తుంది. వాల్వ్ మూసింది నేనని చెప్పాను. ఎందుకు మూశానో, వాళ్ల నాన్న అడిగితే ఏమన్నానో, ఫోన్‌లో ఎవరితో ఏం గొప్పలు చెబుతున్నానో, అన్నీ చెప్పాను. క్షమించమని అడగలేదు. అడిగితే అది కూడా ఆమె మీద పెట్టే బరువే.

ఎలెన్ అడ్డు రాకుండా చివరిదాకా వింది.

"తొమ్మిదేళ్లు," అంది చివరికి. "ఆ తర్వాత తొమ్మిదేళ్లు ఆయన బతికే ఉన్నారు." ఫోన్ పెట్టేసింది.

షెడ్డులోకి వెళ్లాను. మా ఆయన పొయ్యిలో కట్టెలు సర్దుతున్నారు. నా ముఖం చూసి లేచి నిలబడ్డారు. ఆయనకీ చెప్పాను. ఈ పదకొండేళ్లూ పక్కనే ఉండి ఏమీ తెలియని మనిషి. వాల్వ్ వైపు ఒకసారి చూసి, మళ్లీ కూర్చుని కట్టెలు సర్దడం మొదలుపెట్టారు. ఆ రోజంతా ముభావంగానే ఉన్నారు. ఉండనీ. నాకు మాత్రం ఆ మధ్యాహ్నం, చాలా ఏళ్ల తర్వాత, బాగా ఆకలేసింది.

ఆ రోజు దించిన సిరప్ ఈ ఏడు మొత్తంలో బాగా కుదిరింది. ఆ మాట కూడా చెప్పాలి, ఎందుకంటే అదీ నిజమే, నేను ఆ పనిని సిగ్గుపడుతూ చేయలేను.

ఎలెన్ ఇంకా ఫోన్ చేయలేదు. చేయకపోవచ్చు. కానీ ఇప్పుడు ఆమెకి తెలుసు. మా ఆయనకి తెలుసు. మీకూ తెలుసు.