మాడు మీద చెయ్యి

కోవిడ్ తగ్గుముఖం పట్టిన ఏడాది నేను విశాఖలోని ఒక ప్రభుత్వాసుపత్రి పిల్లల విభాగంలో యూనిట్ చీఫ్‌ని. చీఫ్ కింద అసిస్టెంట్లు, పీజీలు, హౌస్ సర్జన్లు ఎందరున్నా, ఏదైనా తేడా వస్తే సంజాయిషీ మాత్రం చీఫ్‌దే.

ఒక ఉదయం రౌండ్స్‌లో ఉండగా జాలారిపేట నుంచి నూకరత్నం అనే అమ్మాయి ఐదు నెలల కొడుకును ఎత్తుకుని పరుగున వచ్చింది. వెనకే అత్త మరిడమ్మ. పిల్లాడి ఒళ్ళు కాలిపోతోంది, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. ఫిట్స్ బిడ్డ వస్తే ముందు ఊపిరి సంగతి చూడాలి, తర్వాతే మిగతావి. పక్కకు తిప్పి పడుకోబెట్టి, నోట్లో నురగ లాగేసి, ఆక్సిజన్ పెట్టాం. మడమ గుచ్చి రక్తంలో చక్కెర చూశాం, సరిగానే ఉంది. ముక్కులో మందు స్ప్రే చేశాక ఫిట్స్ ఆగాయి. మా పీజీల చేతులు ఎక్కడా తడబడలేదు. చూస్తుంటే ముచ్చటేసింది.

అసలు చిక్కు అప్పుడొచ్చింది. జ్వరంతో వచ్చే ఫిట్స్ చాలావరకు ప్రమాదం లేనివే. కానీ ఆరు నెలలు నిండని బిడ్డకు వస్తే మెదడు పొరలకు చీము పట్టిందేమోనని అనుమానించాలి. అది తేలాలంటే వెన్ను నుంచి నీరు తియ్యాలి. మరిడమ్మ ససేమిరా అంది. అక్కడ సూది గుచ్చితే కాళ్ళు పడిపోతాయని ఆవిడ భయం. ఫిట్స్ ఆగాయి కదా, ఇంటికి తీసుకుపోతామంది. ఆవిడ కొడుకు, అంటే పిల్లాడి తండ్రి, చేపల వేటకెళ్ళాడు, బోటు ఇంకా ఒడ్డుకు రాలేదు. అతను లేనప్పుడు ఆ ఇంట్లో అత్తదే మాట. వాదన నడుస్తుండగానే యాంటీబయాటిక్ మొదటి డోసు ఎక్కించేశాం. నేనెంత చెప్పినా ఆవిడ చెవికెక్కలేదు. నాకు ఒళ్ళు మండింది కూడా.

అప్పుడు నూకరత్నం అత్త వైపు తిరిగింది.

"పొద్దున్న మాడుకి ఆవదం పెడతన్నాను గదత్తా, నిద్దర్లోనే ఉబ్బిపోయుంది. రోజూ పెట్టే సెయ్యి నాది, నాకు తెలీదేటి? నువ్వే సూడు."

ఏడిస్తే ఏ బిడ్డ మాడైనా ఉబ్బుతుంది. నిద్రలో ఉబ్బితే తల లోపల ఒత్తిడి పెరిగినట్టు. మరిడమ్మ మనవడి నడినెత్తిన వేళ్ళు ఆనించింది. తన పిల్లలందరికీ ఆవదం పెట్టిన మనిషి ఆవిడ. వేళ్ళకు ఉబ్బు తగిలాక నా వైపు తిరిగి, "తియ్యండమ్మా" అంది.

స్వచ్ఛంగా ఉండాల్సిన నీరు మజ్జిగ తేటలా మసకగా వచ్చింది, చీము పట్టినట్టే. వారాల తరబడి ఇంజెక్షన్లు నడిచాయి. పిల్లాడు చూపూ వినికిడీ చెక్కుచెదరకుండా ఇంటికెళ్ళాడు.

ఫిట్స్ ఆగినంత మాత్రాన జబ్బు ఆగినట్టు కాదు. ఆ ముక్క నేను ఎందరికో పాఠంగా చెప్పాను. ఆ రోజు ఆ ఇంటికి నమ్మకం కలిగేలా చెప్పింది మాత్రం నూకరత్నం. ఆ తర్వాత రిటైరయ్యేదాకా, తల్లిని పక్కన నిలబెట్టుకోకుండా ఏ పసిబిడ్డ కేసూ నేను చర్చించలేదు.