చేటెడు నూక

తాడేపల్లిగూడెం దగ్గర ఒక కోళ్ళ ఫారంలో నేనూ మా ఆయనా పనిచేసేవాళ్ళం. పిల్లల్ని తీయించడానికి గుడ్లు పెట్టే కోళ్ళవి. ఒళ్ళు చేస్తే పనికిరావని వాటికి మేత తూచి, తక్కువే వేస్తారు. ఆ తూకం మా ఆయన పని. ఊడవడం, నీళ్ళు పెట్టడం నావి. పొద్దున వేసిన మేత పావుగంటలో ఖాళీ చేసి, మిగతా రోజంతా వలలోంచి ముక్కులు బయటపెట్టి అరిచేవి. గుడ్లు పెట్టే ప్రాణాన్ని ఎవరైనా ఆకలితో మాడుస్తారా? మా ఆయన భోజనానికి వెళ్ళగానే, ఒక షెడ్డులో రోజూ చేటెడు మొక్కజొన్న నూక చల్లేదాన్ని.

నెల తిరిగేసరికి ఆ షెడ్డులోనే కోళ్ళు చావడం మొదలైంది. నిన్నటిదాకా నున్నగా, బొద్దుగా తిరిగినవే పొద్దున్నకి పడి ఉండేవి. అప్పుడు పేపర్ల నిండా బర్డ్ ఫ్లూ వార్తలే. అదే అయితే అన్నిటినీ పాతిపెట్టి ఫారం మూసేస్తారని, మేముండే గది కూడా పోతుందని మా ఆయన అన్నం మానేశారు. నా భయం వేరు. నేను నూక చల్లిన షెడ్డులోనే చస్తున్నాయని ఆయనకి చెప్పలేదు.

ఏలూరు నుంచి పశువుల డాక్టరుగారు వచ్చి, చచ్చిన కోడిని మా ముందే కోశారు. కాలేయం పసుపుపచ్చగా ఉంది. వేలు తగిలితే వెన్నలా చితికిపోయింది.

“ఫ్లూ కాదండీ. కాలేయానికి కొవ్వు పట్టింది. ఎవరో మేత ఎక్కువ వేస్తున్నారు.”

యజమాని మా ఆయన వైపు తిరిగారు. “తూకం నీదే కదయ్యా?”

“నాదేనండీ. పొరపాటూ నాదేనండీ.”

గింజ తేడా రానివ్వని మనిషి ఆ మాట అన్నారు.

“సాయంత్రానికి గది ఖాళీ చేసెయ్యి.”

నా నోటికి ఫారమంతా జడిసేది. ఆ నోటితోనే యజమాని ముందుకెళ్ళి ఒప్పుకున్నాను. “నూక చల్లింది నేనండీ. అరుస్తుంటే చూడలేకపోయాను. ఆయనకి తెలీదండీ.”

డాక్టరుగారు చేతులు కడుక్కుంటూ, “నూక ఆపి మేతలో కోలిన్ పొడి కలపండి. కొవ్వు కాలేయంలో పేరుకోకుండా చూస్తుంది. మిగతావి చాలావరకు దక్కుతాయి” అన్నారు.

యజమాని నా వైపు తిరిగారు. “తప్పు ఒప్పుకున్నారు, గది ఉంచుకోండి. రేపటి నుంచి పొడి కలిపి, తూచి వేసేది మీరేనమ్మా.”

మర్నాడు తూస్తుంటే కోళ్ళన్నీ నా వైపే మెడలు చాచాయి. తక్కెడ ముల్లు గీత దగ్గర ఆగింది. అయినా ఇంకో గుప్పెడు కోసం నా చెయ్యి దానంతటదే బస్తాలోకి వెళ్ళింది. నాకు నా చెయ్యంటేనే భయం వేసింది.