స్టూలు కింద కట్ట

మొన్న మా తమ్ముడి కూతురు కంప్యూటరు ముందు కూర్చుని "అయ్యో" అంది. ఆ యంత్రం ముందు మా ఇంట్లో అందరూ అనే మాటే కాబట్టి నేను తలెత్తలేదు. రెండోసారీ అనేసరికి వెళ్లాను. నల్లటి తెర మీద ఒక్కో అక్షరం కొట్టి ఫైళ్లను మూటగడుతుందట. పాత మూటలో కొత్తవి చేర్చాలంటే 'ఆర్', కొత్త మూట కట్టాలంటే 'సీ'. తను ఆర్‌కు బదులు సీ కొట్టింది. పాత మూట పోయి, అదే పేరుతో కొత్తది వచ్చి కూర్చుంది. "అక్షరం ముందు గీత పెట్టలేదేమో?" అన్నాను, తెలిసినవాడిలా. "పెట్టినా పెట్టకపోయినా దీనికొకటే పెదనాన్నా." "పాతది తీసేయమంటావా అని అడగదా?" "అడగదు."

ఆ మాటతో మా మేనమామ గుర్తొచ్చారు. డెబ్బైల్లో బెజవాడ కాలవల ఆఫీసులో ఆయన రికార్డు కీపరు. బి.ఎ. పాసై ఎందుకూ పనికిరానని తేలాక నన్ను ఆయన దగ్గరే తాత్కాలిక గుమాస్తాగా వేశారు. ఎర్రగుడ్డ కట్టలు, పురుగుల మందు వాసన. ఏం కావాలన్నా చీటీ మీద ఒక అక్షరం, కట్ట నంబరు రాయాలి. 'వి' అంటే విప్పి ఇవ్వు. 'చే' అంటే ఉన్న కట్టలో చేర్చు. 'క' అంటే ఆ నంబరుతో కొత్తగా కట్టు, పాతవి చిత్తుకి. ఒక ఇంజనీరుగారు దయచేసి, దయచేసి అంటూ అరపేజీ రాసి పంపితే మామయ్య తిప్పి పంపారు: "మర్యాద బాగుందండీ, అక్షరం లేదు."

ఒక సోమవారం ఆయన కూచిపూడిలో పెళ్లికి వెళ్లారు. పామర్రు నుంచి వచ్చిన కాగితాలను పాత కట్టలో చేర్చమని నేను అటెండరుకి చీటీ రాశాను. 'క' అని రాశాను. మర్నాడు గుణదల నుంచి ఒక అమ్మాయి వచ్చింది. వాళ్ల నాన్న మా ఆఫీసు తరఫున కాలవ లాకు దగ్గర పనిచేస్తూ పోయారు. ఆయన సర్వీసు రిజిస్టరు ఆ సాయంత్రంలోగా పై ఆఫీసుకి చేరితేనే ఆ అమ్మాయికి ఉద్యోగం. అది ఆ కట్టలోనే ఉండాలి. విప్పితే నిన్నటి కాగితాలు తప్ప ఏమీ లేవు. చిత్తు కాగితాల బండి పొద్దున్నే వచ్చి వెళ్లిపోయింది.

"దొరకలేదాండీ? దొరుకుతుందని అమ్మకి చెప్పేసి వచ్చానండీ" అంది. "చూస్తున్నానమ్మా" అన్నాను, చూడ్డానికేమీ లేకపోయినా.

అప్పుడు మా ముసలి అటెండరు తాపీగా లేచి, తన స్టూలు కింద నుంచి ఒక కట్ట లాగాడు. "కొత్తోళ్లు 'క' రాస్తే పాతయ్యి మూడ్రోజులు ఉంచుతానండి."

"నిన్ననే నన్ను అడగొచ్చుగా?"

"అడిగితే రైటే అంటారండి. చదువుకున్నోళ్లు కదా."

రిజిస్టరు అందులోనే ఉంది. ఆ అమ్మాయి వాళ్ల నాన్న సంతకం మీద కాసేపు వేలు ఉంచి, పరుగున వెళ్లింది. ఉద్యోగం వచ్చింది. మామయ్య తిరిగొచ్చాక జరిగింది ఒప్పుకున్నాను. ఆయన తిట్టలేదు. స్టూలు వైపు చూసి, "నేను చేరిన మొదటి వారం నుంచీ వాడికి ఆ అలవాటురా" అన్నారు.

మా తమ్ముడి కూతురు ఇంకా తెర వైపే చూస్తోంది. కాలం కూడా అడగదు, రోజూ 'క' రాసుకుంటూ పోతుంది. పాతది ఏదైనా మనకి మిగిలిందంటే, ఎవరో స్టూలు కింద దాచబట్టే.