బుగ్గమ్మ నాలుక

తాండూరు నాపరాయి గనుల్లో పనిచేసేవాళ్లకు కంట్లో నలుసు పడితే దవాఖానా గుర్తొచ్చేది కాదు, బుగ్గమ్మ గుర్తొచ్చేది. ఆమె ఉప్పునీళ్లతో నోరు పుక్కిలించి, మనిషిని ఎండకు ఎదురుగా కూర్చోబెట్టి, రెప్ప పైకెత్తి, నాలుక కొసతో నలుసు తీసి ఉమ్మేసేది. రజాకార్ల గొడవలప్పుడు గని మూతబడినా ఆమె గడపలో మనుషులు తప్పలేదట.

నా పేరు యోహాను. అప్పుడు వికారాబాదులో ఒక చిన్న కంటి దవాఖానాలో కాంపౌండర్ని. ఈ నాకుడు వైద్యమంటే నాకు ఒళ్లు మంట, దాచుకోవడం దేనికి? 1964 వానాకాలంలో ఆ బుగ్గమ్మే కొడుకు మొగులప్పను రైల్లో మా దగ్గరకు తీసుకొచ్చింది. అతని ఎడమకన్ను చిన్నప్పుడే అమ్మవారు పోసి పోయింది. మిగిలిన కుడికన్ను చింతనిప్పులా ఉంది. వెలుతురు ఓర్చుకోలేక తలమీద గొంగడి కప్పుకుని, తల్లి భుజం పట్టుకుని నడిచాడు.

"మొన్నొక నలుసు తీసిన సారూ. వారం దినాలకు మళ్ల ఎర్రగైంది. ఇంకోటి ఉన్నట్టున్నది. నాలుగుసార్లు చూసిన, దొర్కుతలేదు," అంది బుగ్గమ్మ.

"లేనిది ఎట్ల దొరుకుతది?" అని కసిరాను.

డాక్టరమ్మ అతని కంట్లో రంగు చుక్క వేసి నీలం దీపంతో చూశారు. నల్లగుడ్డు మీద ఆకులు రాలిన కొమ్మలా పుండు కనబడింది. ఆమె ముఖం వాడిపోయింది. "ఇది నలుసు కాదు యోహానూ, వైరస్. ఇంకాస్త లోతుకు పాకితే ఈ కన్నూ పోతుంది," అన్నారు.

అంతకుముందైతే పట్టీ కట్టి దేవుణ్ణి తలుచుకోవడమే. కానీ ఆ నెలలోనే విదేశంలో ఉన్న ఆమె స్నేహితురాలు ఒక కొత్త మందు రెండు సీసాలు పంపింది. పగలు గంటకోసారి, రాత్రి రెండు గంటలకోసారి చుక్క వేయాలి. ఆ పని నాకు పడింది. రెండు రోజులు గడిచాయి, పుండు ఇసుమంతైనా తగ్గలేదు. మూడోరోజు మధ్యాహ్నం ఒక సీసా ఖాళీ అయింది. రెండోదాని మూత తీశాను.

చాయ్ తాగి వచ్చేసరికి ఏముంది! బుగ్గమ్మ నోరు పుక్కిలించి, కొడుకు రెప్ప ఎత్తుతోంది. ఒక్క ఉరుకున వెళ్లి చెయ్యి పట్టుకున్నాను.

"ఓ అవ్వా! ఉన్న ఒక్క కన్ను పోగొడ్తవా?"

"నా కొడుకు సారూ! మీ నీళ్ల మందుతోని ఏమైతలేదు. నేను చూసుకుంట ఊకుంటనా?"

అరుపులు విని డాక్టరమ్మ వచ్చారు. బుగ్గమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఓపిగ్గా చెప్పారు. "ప్రాణమున్న కణం రెండుగా పెరగాలంటే సరుకు కావాలి. కొంత కొత్తగా తయారు చేసుకుంటుంది, కొంత పాత ముక్కలు ఏరుకుంటుంది. ఆ ఏరుకున్న ముక్కను పనికొచ్చేలా చేసేది ఒక ఎంజైము, థైమిడిన్ కైనేజ్ అంటారు. మనిషిలో ఉంది, మేకలో ఉంది, ఎన్నో సూక్ష్మజీవుల్లో ఉంది. ఈ వైరస్ కూడా తనది తాను తెచ్చుకుంటుంది, దానికి ఆబ ఎక్కువ. ఈ మందు అచ్చం అలాంటి దొంగముక్క. దాన్ని ఏరుకుని తనలో పెట్టుకుంటే వైరస్ చెడిపోతుంది."

కల్లును పులియబెట్టే ఈస్టుకు మాత్రం ఆ ఎంజైమే లేదని చాలా ఏళ్లకు చదివాను. ప్రాణికో తీరు.

బుగ్గమ్మ అందుకుంది. "పగిలిన బండలు ఏరుకొచ్చి గోడల పెడ్తం. పుచ్చుబండ పెడ్తే గోడ కూలుతది. గట్లనేనా అమ్మా?"

"అంతే," అంటూ డాక్టరమ్మ ఆమె పెదవి మీద ఎండిన పక్కు చూశారు. "ఇదెప్పటిది?"

"జరమొచ్చినప్పుడల్ల పొక్కులు లేస్తయి. వీని కంట్ల నలుసు తీసిననాడు సుత ఉండె."

డాక్టరమ్మ నా వైపు చూశారు; పెదవి మీద ఆ పొక్కులు లేపేది కూడా ఇదే వైరస్. బుగ్గమ్మ మెల్లగా అడిగింది. "గా వైరస్ నా నోట్లకెళ్లే పోయిందా?"

నేను నోరు జారాను. "అవును," అన్నాను. ఆ పూట ఆమె మెతుకు ముట్టలేదు. అయినా ప్రతి గంటకూ "సారూ, యాళ్లయింది" అని నాకంటే ముందు లేచింది. అయిదోరోజుకు పుండు సగమైంది. తొమ్మిదోరోజు వేసిన రంగు కంట్లో ఎక్కడా అంటలేదు, పుండు మానిపోయింది. "అవ్వా, నీ ముక్కుపుల్ల కానొస్తున్నది," అన్నాడు మొగులప్ప. ఎంత సంతోషమేసిందో! గోడవైపు తిరిగి ఏడ్చాను.

గనిలో మిగతావాళ్ల కళ్లు చూసి రమ్మని డాక్టరమ్మ నన్ను ఆ తల్లీకొడుకుల వెంట తాండూరు పంపారు. మధ్యాహ్నం సద్దులు విప్పుకునే వేళ బుగ్గమ్మ అందరి ముందు నిలబడింది.

"ఇగ నలుసు పడితే నా తానికి రాకుండ్రి. నా నోట్ల రోగమున్నది. నా కొడుకు కన్ను నేనే తియ్యబోయిన."

కొందరు నవ్వారు. "దవఖానోళ్లు బెదిరిచ్చిండ్రు," అన్నాడొకడు. అప్పుడు భీమప్ప అనే బండలు మోసే మనిషి లేచాడు. అతని ఒక కన్ను పూర్తిగా తెల్లబడి ఉంది. నిరుడు పోయిందట, అది దక్కకపోయినా బుగ్గమ్మ ఎంతో పాటుపడిందని ఇప్పటికీ మెచ్చుకుంటాడట.

"నిరుడు నా కంట్ల నాలుక పెట్టినప్పుడు సుత పొక్కులు ఉండెనా, అవ్వా?" అని అడిగాడు.

యాదికి లేదని చెప్పమని ఆమె కొంగు పట్టుకు లాగాను. బుగ్గమ్మ కొంగు విడిపించుకుంది.

"ఉండె, కొడుకా," అంది.