నాలుగో ఇడ్లీ రేకు

శనివారం పొద్దున్నే ఫ్రీజర్ తలుపు తీస్తే మా ఇంట్లో పుల్లపెరుగూ మగ్గిన అరటిపండూ కలిసిన చల్లటి వాసనొకటి గుప్పుమంటుంది. ఆ వాసన నచ్చేది ఇద్దరికే, నాకూ, నా కాళ్ళ దగ్గర తోకతో నేల ఊడుస్తూ కూర్చునే మా కుక్క లడ్డూకీ. పై అరలో మూడు స్టీలు ఇడ్లీ రేకులు, వాటి గుంటల్లో తడిబట్ట, బట్టమీద గడ్డకట్టిన పెరుగన్నం. ఐర్లండ్‌లోని టాలట్‌లో ఈ ఫ్లాట్‌కి మారిన కొత్తలో నా స్నేహితురాలు అది చూసి, కుక్కల ఐసుకి ఎముక ఆకారం రబ్బరు అచ్చులు షాపులో దొరుకుతుంటే ఈ ఇడ్లీ రేకులేంటే అని పడీపడీ నవ్వింది. దొరుకుతాయని నాకూ తెలుసు. కానీ నాకీ పని నేర్పిన మనిషి ఇడ్లీ రేకుల్లోనే నేర్పింది. పాత్ర మాత్రం నాలుగు రేకులది. నాలుగోది ఇరవై ఏళ్ళపాటు మా దగ్గర లేదు, ఎందుకు లేదో ఇంట్లో నాకొక్కదానికే పూర్తిగా తెలుసు.

నా చిన్నతనమంతా ఈ దేశంలోనే డండాక్ అనే ఊళ్ళో గడిచింది. అమ్మ ఆసుపత్రిలో డాక్టరు, నాన్న మందుల ఫ్యాక్టరీలో ఇంజినీరు. ఒకే అచ్చులో పోసినట్టుండే ఇళ్ళు, వాటి మధ్య అందరికీ కలిపి ఒక పచ్చిక, ఆ పచ్చిక చుట్టూ పడేసిన సైకిళ్ళు, కోసిన గడ్డి వాసన, సాయంత్రమైతే ఎవరింటి పొగగొట్టంలోంచో మట్టిబొగ్గు పొగ, వాన వెలిసిన ప్రతిసారీ ఎక్కడినుంచో పాట పాడుకుంటూ వచ్చే ఐస్‌క్రీం బండి, రోడ్డుకి అటూ ఇటూ నిలబడి ఎదుటి అంచుకి బంతి కొట్టి తిరిగి పట్టుకునే ఆట, జూన్ నెలలో పదింటికి కూడా చీకటి పడకపోతే ఇంకా పొద్దుందిగా అని ఇంటికెళ్ళకుండా చేసే మారాం, ఇవీ నా ఆస్తులు. నాకప్పుడు తెలుగు అర్థమయ్యేది కానీ నోరు తెరిస్తే ఇంగ్లిషే వచ్చేది, అదీ అచ్చం డండాక్ యాసలో.

నాకు తొమ్మిదేళ్ళప్పుడు, మార్చి నెలలో, రేపల్లె నుంచి మా అమ్మమ్మ ఆరునెలలకని వచ్చింది. ఒక పెట్టెనిండా గుమ్మడి వడియాలు, ఏడు పొరల ప్లాస్టిక్ కవర్లలో చుట్టినా వాసన దాగని ఆవకాయ, ఇడ్లీ పాత్ర, ఆ పాత్ర రేకు రేకుమీదా చుక్కల అక్షరాలతో చెక్కించిన అమ్మ పేరు. నేను ఇంగ్లిషులో ఏదడిగినా చెవుడొచ్చినట్టు కూర్చునేది. తెలుగులో అడిగితే అప్పుడు, "ఆఁ, ఏందమ్మలూ?" అనేది. మధ్యాహ్నాలు పాత నోటుపుస్తకంలో అక్షరాలు దిద్దించేది. ఈరోజు నేను నాలుగు ముక్కలు తెలుగులో రాయగలుగుతున్నానంటే అది ఆవిడ పెట్టిన భిక్షే.

వచ్చిన మూడోరోజే పక్కింటి బ్రీడా గోధుమరొట్టె ఒకటి పింగాణీ ప్లేటులో పెట్టి, పైన తువ్వాలు కప్పి తెచ్చిచ్చింది. బ్రీడాకి అప్పటికి అరవై దాటాయి, భర్త పోయాడు, పిల్లల్లేరు, ఉన్నదల్లా టోబీ అనే నలుపూ తెలుపూ ముసలి గొర్రెలకాపరి కుక్క. రొట్టె అయిపోయాక ప్లేటు కడిగి ఇచ్చిరమ్మని అమ్మ నాకు చెప్పింది. అమ్మమ్మ అడ్డుపడింది. "ఒకరింటి గిన్నె ఉత్తగా పంపుతారంటే? మనమేమన్నా గతిలేనివాళ్ళమా?" అని ప్లేటునిండా జంతికలు పెట్టి పంపింది. బ్రీడా ఒకటి కొరికి, కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ, చాలా బాగున్నాయని చెప్పి రెండు గ్లాసుల నీళ్ళు తాగింది. నాలుగురోజుల్లో ప్లేటు మళ్ళీ మా ఇంటికొచ్చింది, ఈసారి రూబార్బ్ అనే పుల్లటి కాడలతో చేసిన టార్టుతో. అమ్మమ్మ పులిహోర పంపింది, బ్రీడా మళ్ళీ నీళ్ళు తాగింది. బొబ్బట్లు పంపితే అంత తీపి పళ్ళకి పడదంది. వాళ్ళది వచ్చేదేగానీ మనది ఆవిడ నోట్లోకి పోవడంలేదే అని అమ్మమ్మకి దిగులు పట్టుకుంది.

ఆ దిగులు తీర్చింది టోబీ. మే నెలాఖర్లో నాలుగు రోజులు గట్టిగా ఎండ కాసింది. గట్టిగా అంటే ఇక్కడి లెక్కలో. అమ్మమ్మ స్వెట్టరు విప్పకుండానే, "ఇదేం ఎండే, మా ఊళ్ళో సంక్రాంతి నెల్లో ఇంతకంటే కాస్తది," అని తీసిపారేసింది. కానీ అంత బొచ్చు కప్పుకున్న టోబీకి అదే రోహిణీ కార్తె, గోడ నీడన నాలుక జానెడు వేలాడేసి పడుకున్నాడు. రేపల్లెలో వేసవిలో వీధికుక్కలకి మట్టి మూకుడులో మజ్జిగ పోసి పెట్టడం ఆవిడకి అలవాటు. ఆరోజు పెరుగన్నం ఉప్పులేకుండా మెత్తగా పిసికి, అరటిపండు కలిపి, ఇడ్లీ రేకు చిల్లుల్లోంచి కారకుండా తడిబట్ట పరిచి, నాలుగు గుంటల్లో సర్ది ఫ్రీజర్లో పెట్టించింది. మొదటిసారి అవి రాళ్ళయ్యాయి. టోబీ ఒకదాన్ని మూతితో నెట్టుకుంటూ వీధి చివరిదాకా తీసుకెళ్ళి అక్కడ కూర్చుని నాకాడు. తరవాత్తరవాత పావుగంట ముందే బయటపెట్టి, వేలితో నొక్కి, అంచు మెత్తబడ్డాకే బట్టతో సహా లేపి ఇవ్వడం నేర్చుకున్నాం. బ్రీడా పగలబడి నవ్వింది. అప్పటినుంచి బ్రీడా ప్లేటులో ఏదొచ్చినా మా ఇంటినుంచి ఇడ్లీ రేకు వెళ్ళేది. మనం తినే రేకులో కుక్కకేంటని అమ్మ గొడవపడితే, అడుగు రేకొక్కటీ టోబీకి వదిలేసి, గుర్తుకి దాని చిల్లులోంచి ఎర్రదారం కట్టింది అమ్మమ్మ.

ఇద్దరూ గోడకి అటొకరు ఇటొకరు నిలబడి గంటలు మాట్లాడుకునేవాళ్ళు, మధ్యలో నేను. ఆ పని నాకు మహా విసుగు. బ్రీడా భర్త జబ్బుపడిన వైనమంతా పావుగంట చెబితే నేను, "ఆయన పోయాడంట," అనేదాన్ని. అమ్మమ్మ మా తాతయ్య సంగతి చెబితే అదీ అంతే, మూడు మాటలు. అంత సేపు మాట్లాడితే ఇంతేనా అని ఇద్దరూ నన్ను అనుమానంగా చూసేవాళ్ళు.

జులైలో ఒకరోజు బ్రీడా టోబీని కుక్కల డాక్టరుకి చూపించుకుని వచ్చి, నన్ను గోడ దగ్గరికి పిలిచింది. కుక్కలకి ఉల్లిపాయ పెట్టకూడదు, చాక్లెట్ పెట్టకూడదు, ద్రాక్ష, కిస్‌మిస్ అసలే పెట్టకూడదు, ప్రాణం మీదికొస్తుంది, మీ అమ్మమ్మకి జాగ్రత్తగా చెప్పు అంది. నా ఒక కాలు అప్పటికే సైకిలుమీద ఉంది, పచ్చికమీద పిల్లలు నాకోసం అరుస్తున్నారు. "ఉల్లిపాయ, చాక్లెట్ పెట్టొద్దంట," అన్నాను అమ్మమ్మతో.

"అంతేనా? అంతసేపు చెప్పింది?"

"అంతే."

ఆగస్టులో కృష్ణాష్టమి వచ్చింది. అమ్మమ్మ గుమ్మంలోంచి వంటింటిదాకా పిండితో చిన్న చిన్న పాదాలు వేసింది, వెన్న తీసింది, నేతిలో జీడిపప్పు వేయించిన పరమాన్నం వాసన ఇల్లంతా కమ్ముకుంది. పండగపూట టోబీకి ఒట్టి పెరుగన్నమేనా అని, కిస్‌మిస్ గుప్పెడు నానబెట్టి నాకిచ్చి, పైన అద్దమంది. నేనే ఒక్కోదానికి రెండు కళ్ళు, ముక్కు, నవ్వే నోరు పెట్టాను. మర్చిపోయానని చాలా ఏళ్ళు నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. మొదటి కిస్‌మిస్ పెట్టేటప్పుడు నా చెయ్యి ఒక్క క్షణం ఆగింది. ఇప్పుడు చెబితే అప్పుడెందుకు చెప్పలేదంటుంది, కాసిని కిస్‌మిస్‌లకి ఏమవుతుందిలే అనుకుని, సాయంత్రం రేకు పక్కింటికి ఇచ్చొచ్చాను. ఇదీ నేను చేసింది.

మర్నాడు పొద్దున అమ్మా నాన్నా డ్యూటీలకి వెళ్ళాక తలుపు చప్పుడైంది. బ్రీడా. మొహం పాలిపోయి ఉంది. చేతిలో కాగితం రుమాలు, అందులో టోబీ కక్కిన కిస్‌మిస్‌లు రెండు. టోబీని ఆసుపత్రిలో ఉంచుకున్నారు, మూత్రపిండాలు పాడవుతాయేమో అంటున్నారు, సెలైన్ ఎక్కిస్తున్నారు, బతుకుతాడో లేదో చెప్పలేమన్నారు. అదంతా చెప్పి, "నేను ముందే చెప్పానా లేదా, అడుగు ఆమెని," అంది.

టోబీకి బాలేదంట, కిస్‌మిస్ వల్లంట, ద్రాక్షా, కిస్‌మిస్ పెట్టొద్దని ముందే చెప్పాను కదా అని అడుగుతోంది, అన్నాను నేల చూస్తూ. అమ్మమ్మ నావైపే చూసింది. తరవాత బ్రీడావైపు తిరిగి చేతులు జోడించింది.

"చెప్పింది, నేనే మర్చిపోయానని చెప్పమ్మలూ. ముసలిదాన్ని, మతిమరుపుదాన్ని, తప్పు నాదేనని చెప్పు."

చెప్పాను. ఆ ఆరునెలల్లో నేను ఒక్క ముక్క కూడా వదలకుండా చెప్పిన మాట అదొక్కటే.

బ్రీడా తల ఊపి వెళ్ళిపోయింది. టోబీ మూడురోజులు ఆసుపత్రిలో ఉన్నాడు, ఆ మూడురోజులూ అమ్మమ్మ కాఫీ ముట్టుకోలేదు. కాఫీ లేకపోతే తలనొప్పితో మంచం ఎక్కే మనిషి. వాడు బతికాడు, ఆ తరవాత నాలుగేళ్ళు ఉన్నాడు కూడా. నన్ను మాత్రం అమ్మమ్మ ఒక్కమాట అనలేదు. బ్రీడా వచ్చిన రోజు మధ్యాహ్నం అక్షరాలు దిద్దేటప్పుడు "ద్రాక్ష" అని పదిసార్లు రాయించింది, "కిస్‌మిస్" అని పదిసార్లు. తిడితే బాగుండేది.

పింగాణీ ప్లేటు మళ్ళీ రాలేదు. ఎర్రదారం కట్టిన మా రేకూ రాలేదు. సెప్టెంబరులో అమ్మమ్మ ప్రయాణం రోజున కారెక్కబోతూ పక్కింటి తలుపువైపు రెండుసార్లు చూసింది. తలుపు తెరుచుకోలేదు. మోకాళ్ళ నొప్పులతో ఆవిడ మళ్ళీ ఐర్లండ్ రానేలేదు, ఐదేళ్ళ కిందట పోయింది. అమ్మావాళ్ళు లిమరిక్ ఊరికి మారుతూ ఇడ్లీ పాత్ర నాకిచ్చేశారు.

మొన్న ఆదివారం లడ్డూని కార్లో ఎక్కించుకుని డండాక్ వెళ్ళాను. పచ్చికమీద బంతాటలు ఆడరాదని బోర్డు పెట్టారు, సైకిళ్ళు పడేసే చోట కార్లు నిలబెడుతున్నారు, మట్టిబొగ్గు పొగ లేదు, ఐస్‌క్రీం బండి రావడం మానేసిందట. మా ఇంట్లో ఎవరో ఉంటున్నారు. బ్రీడా మాత్రం అదే ఇంట్లో ఉంది, ఎనభై దాటాయి, కుక్క లేదు, చెవిలో మిషనుంది. టీ పెట్టింది. నేను కూర్చుని ఉండగానే అది చల్లారిపోయింది. దారంతా కూడబలుక్కున్న మాటలు తప్పిపోయి, నీ జాబితాలో సగం నేను అమ్మమ్మకి చెప్పలేదు, ఆవిడకి తెలియనే తెలియదు, నన్ను కాయడానికి తనమీద వేసుకుంది, అని మాత్రం చెప్పాను. చెబుతూ ఏడ్చాను కూడా.

బ్రీడా లడ్డూ తల నిమిరింది. "మర్చిపోయే మనిషిలా నాకెప్పుడూ కనిపించలేదామె," అంది. "అయినా కోపం వదల్లేదు నేను. మీ కారు వెళుతుంటే ఈ కిటికీ పక్కనే నిలబడి ఉన్నాను." నావైపు తిరిగి, "మరి ఆమెకి చెప్పావా?" అని అడిగింది.

"తనకి తెలుసు."

"తెలుసులే. నువ్వు చెప్పలేదుగా."

బ్రీడా లేచి వెళ్ళి, ఇక్కడివాళ్ళు ప్రెస్ అనే వంటింటి అలమరలో వెతికి, ఇడ్లీ రేకు తీసింది. ఎర్రదారం వెలిసి గోధుమరంగుకి తిరిగింది, అమ్మ పేరు చుక్కలు చుక్కలుగా అలాగే ఉంది. కడిగి, తుడిచి, నాకివ్వబోయి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఉత్తగా ఇస్తే మీ అమ్మమ్మ ఒప్పుకోదు అని, ఫ్రిజ్ తెరిచి, నాలుగు గుంటల్లో నాలుగు కోడిగుడ్లు పెట్టి ఇచ్చింది.

పక్కసీటు కింద కోటు మడిచి, దానిమధ్య రేకు పెట్టుకుని, అందరినీ దాటిపొమ్మని వదిలేస్తూ మెల్లగా నడుపుకొచ్చాను. ఒక్క గుడ్డూ పగల్లేదు. రేకు ఇప్పుడు పాత్రలో దాని చోట్లో ఉంది. ఒక్క పని మిగిలింది, దానికోసమే ఇదంతా రాశాను.

అమ్మమ్మా, బ్రీడా ఆరోజు ఉల్లిపాయ, చాక్లెట్ మాత్రమే కాదు, ద్రాక్ష, కిస్‌మిస్ కూడా పెట్టొద్దంది. నేనే నీకు చెప్పలేదు.