మత్తులో చల్లబడ్డ మా బిడ్డ

ఆ రోజు మా చిన్నోడికి నీళ్లు పోస్తుంటే గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు కనిపించింది. ఏడిస్తే పెరుగుతోంది, ఊరుకుంటే తగ్గుతోంది. వాడికప్పుడు పది నెలలు. ఉదయగిరిలో ఏదో మందు పూసి చూశాం, లాభం లేదు. సోమశిల డ్యాం పనిలో ఉన్న మా ఆయన్ని పిలిపించుకుని ఆత్మకూరు వెళ్లాం. అక్కడి డాక్టరు నొక్కి చూసి, "హెర్నియా. ఆపరేషన్ చేయాల్సిందే. నెల్లూరు తీసుకుపోండి" అన్నాడు. అప్పటి నుంచి నాకు కాలు ఒకచోట నిలవలేదు.

నెల్లూరులో బ్లడ్ టెస్టు చేసి, మత్తు డాక్టరమ్మ కూడా వాడిని చూశాక, మరుసటి వారం రమ్మన్నారు. ఇంటికి రాగానే మా అత్త పట్టుబట్టింది. "పుట్టెంట్రుకలు తీయకుండా బిడ్డ మీద కత్తి పెట్టనిస్తామా? దేవుడికి మొక్కుండాది." సరేనని బయలుదేరే ముందు గుండు చేయించి, చలవ చేస్తుందని నెత్తికి గంధం పూశాం.

థియేటరు ముందు మత్తు డాక్టరమ్మ వాడిని చూసి నిలబడిపోయింది.

"పోయిన వారం జుట్టుండిందే! ఎవరు తీయమన్నారు?"

"దేవుడమ్మా" అన్నది అత్త.

డాక్టరమ్మ నవ్వలేదు. "పసిపిల్లలకు తలలోంచి వేడి చాలా పోతుంది. అనస్థీషియాలో ఒళ్లు మళ్లీ వేడి పుట్టించుకోలేదు. పైగా లోపల ఏసీ" అంటూ గంధం తుడిపించి, తలకు దూది చుట్టించి తీసుకుపోయింది.

నేను కూర్చోలేను, నిలబడలేను. "ఒకచోట కూచోవే, నాకు కళ్లు తిరగతా ఉండాయి" అని మా ఆయన కసిరాడు. అంతలో నర్సు తలుపు తీసి, వేడినీళ్ల బాటిళ్లు తెమ్మని ఆయాను కేకేసింది.

"ఏందమ్మా, ఏమైంది?"

"టెంపరేచర్ పడిపోతోంది" అని మళ్లీ తలుపేసుకుంది.

జ్వరమొస్తే తడిగుడ్డ వేయడం తెలుసు. బిడ్డ చల్లబడితే ఏం చేయాలో నాకెవరూ చెప్పలేదు. చచ్చేంత భయమేసింది. అత్తను నాలుగు మాటలు అనబోయి, ఆమె ముఖం చూసి మింగేశాను.

ఆపరేషన్ అయినా వాడు లేవలేదు. డాక్టరమ్మ బయటికొచ్చి, "ప్రోబ్ పెట్టి టెంపరేచర్ చూస్తూనే ఉన్నాం కాబట్టి వెంటనే తెలిసింది. వెచ్చబడుతున్నాడు, ఓపిక పట్టండి" అన్నది. ఆ ఓపిక ఎక్కడ దొరుకుతుందో మాత్రం చెప్పలేదు. ఎంతసేపటికో లోపల్నుంచి వాడి ఏడుపు వినిపించింది. అత్త గోడకు ఆనుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను.

తర్వాత కొన్నాళ్లు దగ్గు పట్టి బెదిరించింది, అదీ తగ్గింది. ఇప్పుడు మేకల వెంట పరుగులు తీస్తున్నాడు. చల్లబడ్డాయేమోనని ఊరికే వాడి పాదాలు పట్టి చూస్తుంటానా, "వదలమ్మా!" అని విదిలించుకుంటాడు.

మీ బిడ్డకు ఆపరేషన్ అంటే మొక్కులు తర్వాత తీర్చుకోండి. ముందు మత్తు డాక్టరును అడగండి, లోపల ఒంటి వేడి ఎవరు కనిపెట్టుకుని ఉంటారని. విసుక్కున్నా సరే, జవాబు వినే దాకా బిడ్డను చేతికివ్వకండి.